వెనక తలుపు

మిఠాయి కొట్టువాడు మిఠాయి ముట్టడంటారు. జీవితమంతా సర్కారు కారు నడిపి రిటైరైన ఇశ్రాయేలు కూడా ఇక కారు ముఖం చూడడనే జహనుమాలో అందరూ అనుకున్నారు. తీరా చూస్తే, రిటైరైన నెల తిరక్కుండానే సొంత కారు కొంటానని అతను బయల్దేరాడు. అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. కొత్త కారు కావాలంటే పేరు రాయించుకుని, చంకలో పిల్లవాడు బడికెళ్లే వయసు వచ్చేదాకా ఎదురుచూడాలి. కాబట్టి పాతదే గతి. పాతవాటిలోనూ ఎవరో మోజు తీరి మూల పడేసినదే ఇశ్రాయేలు చేతికి అందేది.

ఇంట్లో సంగతి వేరేగా ఉంది. వాళ్లది రేకుల ఇల్లు. వాన పడితే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీదికి దిగుతాయి. అతని భార్య రాహేలు ఆసుపత్రిలో ఆయా. అతను రిటైరైతే చేతికొచ్చే సొమ్ముతో స్లాబు వేయించాలని ఆమె ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. మేస్త్రీ గుండయ్య వచ్చి గోడలు తట్టి చూసి కూడా వెళ్లాడు. అందుకే కారు మాట ఇశ్రాయేలు భయపడుతూనే బయటపెట్టాడు. రాహేలు లొల్లి చేయలేదు. చేటలో బియ్యం ఏరడం ముగించింది.

"కొను," అంది చివరికి. "కానీ నేను ఎక్కి చూసినంకనే. నా మనసుకు పట్టకుంటే వద్దు. ఐతారం దాకా చూద్దాం. దొరికిందా, కారు. దొరకలేదా, సోమారం గుండయ్యను పిలుస్త. మల్ల కారు పేరు ఎత్తొద్దు."

ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందని ఇశ్రాయేలు అడగలేదు. అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని భయం. ఆ పూటే అలియాబాద్‌లో షెడ్డు ఉన్న మెకానిక్ కొండల్ దగ్గరికి పరుగెత్తాడు.

కొండల్ చేతిలో ఎప్పుడూ పొడుగాటి స్క్రూడ్రైవరు ఉంటుంది. దాని మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటాడు. పాత కార్ల బేరాలు అతని మీదుగానే నడుస్తాయి. పాతబస్తీలో ఆ బేరాలకు ఒక పద్ధతి ఉంది. కొనేవాడు కారు తీసుకుని ఓ చుట్టు తిరిగి వచ్చేదాకా, వాడిని తీసుకొచ్చిన మనిషి అమ్మేవాడి గుమ్మంలో జామీనుగా కూర్చోవాలి. కారు రాకపోతే ఆ మనిషి కదలడానికి వీల్లేదు. కొండల్ అట్లా ఎన్ని అరుగుల మీద ఎన్ని చాయలు తాగాడో అతనికే తెలియదు.

"ఫికర్ చేయకన్నా," అన్నాడు కొండల్. "మూడు బండ్లున్నయి నా ఎరుకల. రెండు మంచియి. ఒకటి ఉత్తదే, చెప్పుకోనీకి."

మొదటిది గౌలిపురాలో గోపాలకృష్ణ గారి ల్యాండ్‌మాస్టర్. ఆయన తాతల నాటి నుంచి గుడి అర్చకత్వం ఉన్న ఇంటివాడు. ఎవరో భక్తుడు ఇచ్చిపోయిన ఆ కారును చాలాకాలంగా అరుగు పక్కనే నిలిపి ఉంచాడు. నల్లగా, పొట్ట దించుకుని, తిన్నాక లేవలేని పెద్దమనిషిలా ఉంది అది. రాహేలు ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వచ్చింది. జడ బిగించి ముడేసుకుని ఉంది. పొద్దుటి నుంచి నిలబడి నిలబడి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు కాళ్లలోకి దిగాయి.

ఇశ్రాయేలు ముందు ఎడమ చక్రం దగ్గర మొదలుపెట్టి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఒక్కో టైరును కాలితో తట్టాడు. జేబులోంచి పసుపు గుడ్డ తీసి అద్దం తుడిచాడు. ఇంజనులో నూనె చూసే పుల్ల బయటికి లాగి, తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. ఆ తర్వాత ఎడమ వైపుకు నడిచి, వెనక తలుపు తెరిచి, కొద్దిగా వంగి నిలబడ్డాడు.

రాహేలు ఒక్క క్షణం ఆ తలుపు వంక చూసింది. తర్వాత ఎక్కి కూర్చుంది. ఇశ్రాయేలు అరచేత్తో తలుపు మూశాడు. ఆ మూయడంలో అతనికి కాస్త గర్వం కూడా ఉంది. తలుపు పడిన చప్పుడు లోపల కూర్చున్నవాళ్లకు వినిపించకూడదు. అదీ డ్రైవరు పనితనం. కొండల్ అరుగు మీద జామీను కూర్చున్నాడు. ఇశ్రాయేలు పక్క సీటు ఖాళీగా ఉంది.

శాలిబండ దాకా వెళ్లి వచ్చారు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. వెనక మనిషి పలకరిస్తే తప్ప డ్రైవరు నోరు విప్పకూడదు. అద్దం ఉన్నది వెనక వచ్చే బండ్లను చూసుకోవడానికే కాని కూర్చున్నవాళ్ల ముఖాలు చూడడానికి కాదు. ఇవన్నీ ఇశ్రాయేలుకు ఊపిరి పీల్చినంత అలవాటు. రాహేలు కిటికీలోంచి గాజుల దుకాణాలు చూస్తూ కూర్చుంది.

"ఎట్లుందే?" అని దిగాక అడిగాడు.

"సీటు మెత్తగున్నది."

"అయితే?"

"అయితే ఏముంది. ఎవరింటికో పోయి కూసున్నట్టుంది. వద్దు."

కొండల్ అడ్డుపడ్డాడు. "వదిన చెప్పింది కరెక్టే అన్నా. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, ఇది నిలబడ్డా పెట్రోలు తాగుతది." ఇశ్రాయేలుకు కూడా అది పెద్దగా నచ్చలేదు కాబట్టి ఆ రోజుకు బాధ లేకపోయింది.

రెండోదానితోనే తంటా వచ్చింది. అది బేగంబజార్‌లో మిర్చి వ్యాపారం చేసే సేట్‌ది. ఫియట్. ముందు భాగం పందిమూతిలా ఉంటుందని దాన్ని డుక్కర్ ఫియట్ అంటారు. మూతి మాటెలా ఉన్నా దాని ఇంజను మాత్రం బంగారం. కొండల్ స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని చాలాసేపు కళ్లు తెరవలేదు. తెరిచి, "కుట్టు మిషన్ అన్నా," అన్నాడు. ఇశ్రాయేలు గేరు మార్చి చూశాడు. వెన్నలో కత్తి దిగినట్టు పడింది. అప్పుడే అతని మనసులో ఆ కారు జహనుమా గల్లీలోకి వచ్చేసింది. పొరుగింటి కాశమ్మ కొట్టు ముందు ఎక్కడ నిలపాలో కూడా అనుకున్నాడు.

సేట్ కారులో అగరొత్తులు గుత్తులుగా వెలిగించి పెట్టాడు. ఎందుకు పెట్టాడో కారు కదిలాక తెలిసింది. అద్దాలు దించి గాలి ఆడగానే, ఏళ్ల తరబడి వెనక సీటులో ప్రయాణం చేసిన మిర్చి బస్తాల ఘాటు ఒక్కసారిగా లేచింది. రాహేలు తుమ్మింది. మళ్లీ తుమ్మింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వాళ్లు అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదికి వచ్చారు. వంతెన మీద రిక్షాలు, తోపుడుబండ్లు, ఎద్దుబండ్లు కిక్కిరిసి ఉన్నాయి.

"జర మెల్లగ పోనియ్యి," అంది రాహేలు వెనక నుంచి.

"జీ మేడమ్," అన్నాడు ఇశ్రాయేలు.

ఆమె తుమ్ములు ఆగిపోయాయి. తిరిగి వచ్చేదాకా వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఘాటు తగ్గిందనుకున్నాడు ఇశ్రాయేలు.

సేట్ దుకాణం ముందు ఆపి, పరుగున వచ్చి తలుపు తెరిచాడు. ఆమె దిగి, కారు వంక చూడకుండానే, "వద్దు," అంది.

"వాసన పోతది వదినా," అన్నాడు కొండల్. "సీట్లు విప్పి ఎండల పడేస్తె వారంల పోతది. గిసొంటి ఇంజను మల్ల దొరకదు."

"వాసన గురించి కాదు."

"మరి దేని గురించి?" ఇశ్రాయేలు గొంతు పెరిగింది. "నిన్న మెత్తగున్నదని వద్దన్నవు. ఇయ్యాళ ఏందో చెప్పనే చెప్పవు. ఏం తక్కువున్నది దీనికి?"

"తక్కువేం లేదు. నాకు పట్టలే."

"పట్టదు. నీకు ఏదీ పట్టదు. నీ పాణమంతా సిమెంటు మీదనే ఉన్నది. కొననియ్యొద్దని ముందే అనుకుని, కొను అని తమాష చేస్తున్నవు."

హమాలీలు బస్తాలు దించడం ఆపి చూశారు. రాహేలు ముఖం నల్లబడింది. "సిమెంటా," అని మాత్రం అంది. చేతిసంచి సర్దుకుని బస్సు స్టాపు వైపు నడిచింది. ఆమె వెంట వెళ్లాలో, ఇంజను దగ్గర నిలబడాలో ఇశ్రాయేలుకు అర్థం కాలేదు. ఇంజను దగ్గరే నిలబడ్డాడు.

శనివారం పొద్దున రాహేలు పొరుగింటి కాశమ్మతో, గుండయ్యకు కబురు చెయ్యమనడం అతని చెవిన పడింది. తినబోతున్న రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టేశాడు. ఇన్నేళ్లూ ఎవరెవరినో ఎక్కడెక్కడికో తీసుకెళ్లాడు. పెళ్లిళ్లకు, మీటింగులకు, స్టేషనుకు. తన మనిషిని ఒక్కసారి తన కారులో చర్చి మెట్ల దాకా తీసుకెళ్లాలని ఒకే ఒక్క కోరిక. అది కూడా ఆ మనిషికే ఇష్టం లేకపోతే ఇక చెప్పుకునేది ఎవరితో? రోజంతా ఇంటి ముందు కూర్చుని, తుడవడానికి ఏమీ లేక, పసుపు గుడ్డను మడిచి విప్పాడు, విప్పి మడిచాడు. వాళ్లిద్దరూ ఆ రోజు మాట్లాడుకున్నదల్లా ఉప్పు గురించే.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కొండల్ గుమ్మంలో ఉన్నాడు.

"ఆఖరిది చూసొద్దాం పా అన్నా. ఉప్పుగూడల జగన్నాథం సారు హెరాల్డ్."

"రెండు తలుపుల హెరాల్డా?" ఇశ్రాయేలు పెదవి విరిచాడు. "అది సగం కారు. ఎవడు కొంటడు?"

"ఎవడూ కొంటలేడు. అందుకే నీకందుతది."

"వద్దు లే. మీ వదినకు..."

లోపలి నుంచి రాహేలు బయటికి వచ్చింది. చర్చికి కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చలేదు. "ఐతారం దాకా అన్న. ఐతారం ఇంకా ఒడువలే. మాట మాటే," అంది. "కానీ ఇయ్యాళ బేరం ఆడొద్దు. ప్రభువు దినం."

"చూసుడు బేరమెట్లయితది వదినా," అని కొండల్ ఆటో పిలిచాడు.

జగన్నాథం గారు బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి దిగిపోయిన మనిషి. ఈ మధ్య చూపు మందగించింది. కారు మాత్రం ఆయన చేతి బొమ్మలా శుభ్రంగా ఉంది. లేత నీలం రంగు. కొండల్ గొళ్లేలు తప్పించి ఎత్తగానే, దాని ముందు భాగం మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకు వాలి, పెట్టె మూత తీసినట్టు ఇంజను బయటపడింది. ఆయన భార్య గోదా గారు మెట్ల మీద నిలబడి, కూతురి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను చూసినట్టు వీళ్లను చూస్తోంది.

"మా సారుకు కుడి ఎడమలు తెలియవమ్మా," అంది రాహేలుతో. "ముందు సీట్లో కూర్చుని దారంతా నేనే చెప్పాలి. కారు నడిపింది ఆయనని అందరూ అనుకుంటారు గాని, నడిపింది నేనే."

"ఆవిడ చెప్పిన దారిన వెళ్లే ఒకసారి కాలవలో దిగాం," అన్నాడు జగన్నాథం గారు.

రాహేలు నవ్వింది. రెండు రోజుల తర్వాత నవ్విన నవ్వు అది. ఇంజను బాగానే ఉందని కొండల్ తల ఊపాడు, కానీ ఫియట్ అంత కాదు. అరుగు ఎక్కి జామీను కూర్చున్నాడు. ఇశ్రాయేలు నిరుత్సాహంగానే ప్రదక్షిణ మొదలుపెట్టాడు. టైర్లు తట్టాడు, అద్దం తుడిచాడు, నూనె చూశాడు. ఎడమ వైపుకు నడిచి, కొద్దిగా వంగి, వెనక తలుపు పిడి కోసం చెయ్యి చాపాడు.

చేతికి పిడి తగల్లేదు. నున్నటి రేకు తగిలింది. చెయ్యి ఆ రేకు మీద ముందుకు వెళ్లింది, వెనక్కి వచ్చింది. అరుగు మీద కొండల్ గట్టిగా నవ్వాడు. "దానికి వెనక తలుపు లేదన్నా. మరిచినవా?"

ఇశ్రాయేలు సిగ్గుపడి, ముందు తలుపు తెరిచాడు. తెరిచి, ముందు సీటును డాష్‌బోర్డు మీదికి వంచి పట్టుకుని, వెనక సీటుకు దారి చేసి నిలబడ్డాడు. "ఎక్కు," అన్నాడు.

రాహేలు ఆ ఇరుకు సందు చూసింది. మెట్ల మీది గోదా గారిని చూసింది. తర్వాత, సీటు పట్టుకుని వంగి నిలబడ్డ మొగుణ్ణి చూసింది. ముందుకు వచ్చి, అతని చెయ్యి తొలగించి, వంచిన సీటును వెనక్కి నొక్కింది. అది టక్కుమని దాని చోట్లో పడింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని అందులో కూర్చుంది.

ఇశ్రాయేలుకు ఏం చేయాలో తోచలేదు. కాసేపు తలుపు పట్టుకునే నిలబడ్డాడు. తర్వాత చప్పుడు కాకుండా మూసి, అటు వైపు వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పక్కన మనిషి ఉంటే కారు నడపడం అతనికి కొత్తగా ఉంది. గేరు మార్చినప్పుడల్లా ఆమె కొంగు చేతికి తగిలింది. లాల్‌దర్వాజా దాటేసరికి ఆమె నోరు విప్పింది. ఆ కూల్‌డ్రింకు కొట్టు ఎప్పుడు పెట్టారు అంది. ఆ ఎద్దు అడ్డం వస్తది చూసుకో అంది. కూతురు ఎస్తేరు కాజీపేట నుంచి పిల్లలతో వస్తే స్టేషనుకు పోవాలి అంది. అతను జవాబులు చెప్పాడు. జవాబులు చెబుతూ ఎదురు ప్రశ్నలు కూడా వేశాడు. చార్మినార్ దగ్గర రద్దీలో ఇరుక్కున్నప్పుడు ఆమె కిటికీలోంచి తల బయట పెట్టి ఒక తోపుడుబండివాణ్ణి, "జర హటో భాయ్," అని అదిలించింది. ఇశ్రాయేలుకు నవ్వొచ్చింది.

"నయాపూల్ దాకా పోనియ్యి," అంది. వంతెన కనబడగానే, "ఇక్కడ ఆపు," అంది.

రోడ్డు పక్కన ఆపాడు. కింద మూసీ ఒడ్డున నర్సరీ ఉంది. కుండీలు వరుసగా పెట్టి ఉన్నాయి.

"యాదికున్నదా?" అని అడిగింది, కుండీల వంక చూస్తూనే. "బస్సులు బందున్న రోజు. వాన. నేను డ్యూటీ దిగి నడిసొస్తున్న. చెప్పు తెగితే చేతుల పట్టుకున్న. నీ ఆఫీసు కారు ఇక్కడి నుంచే పోయింది. వెనక సీట్ల ఎవలున్నరో తెలుసా?"

అతనికి తెలుసు. అధికారి గారి భార్య తెమ్మన్న క్రోటన్ మొక్కలు. కుండీల కింద గోనెసంచి కూడా పరిచాడు, సీటు పాడవకుండా.

"నిన్ను చూసిన," అన్నాడు మెల్లగా.

"నువ్వు చూసుడు నేను గూడ చూసిన."

"సర్కారు కారే. బయటోళ్లను ఎక్కియ్యొద్దని రూలు."

"ఎరుకనే. నేను బయటిదాన్నా అని అడుగుదామనుకున్న. ఇంటికొచ్చినంక నువ్వు అన్నం పెట్టుమన్నవు. పెట్టిన. అడగలే." కోపం లేకుండానే చెప్పింది, ఆసుపత్రిలో ఎవరికి జ్వరం ఎంతుందో చెప్పినట్టు. "కారు కొంటనన్నప్పుడు, స్లాబు పోతే పోనీ, నీ పక్కకు కూసుని ఒక్కసారి తిరుగుదామనుకున్న. నువ్వు రెండు రోజులు నన్ను తీసుకపోయి ఆ చెట్లు కూసున్న జాగలనే కూసోబెట్టినవు. పైగ మేడమ్ అన్నవు."

"నేనన్ననా? ఎప్పుడు?"

"మొన్న. గీ పూల్ మీదనే."

ఇశ్రాయేలుకు తల ఎత్తడం కష్టమైంది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. రాహేలు కారును వద్దనలేదు. ఆ తలుపును వద్దంది. రెండు రోజులూ అతను దాన్ని ఎంత మర్యాదగా తెరిచి పట్టుకున్నాడు! అదే గొప్ప అనుకున్నాడు. మర్యాద అంటే అతనికి తెలిసింది అదే.

"నాకు గట్లనే అలవాటైందే," అన్నాడు.

"ఎరుకనే," అని మళ్లీ అంది ఆమె, తలుపు తెరుచుకుని దిగి, నర్సరీ వైపు వెళ్లింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె చంకన ఒక కుండీ ఉంది. అందులో పసుపూ ఎరుపూ కలిసిన ఆకులతో క్రోటన్ మొక్క. ఇశ్రాయేలు అలవాటుగా చటుక్కున దిగి అటు పరుగెత్తాడు. కానీ అక్కడ తెరవడానికి వెనక తలుపే లేదు. రాహేలే ముందు సీటు వంచి, వంగి, కుండీని వెనక సీటు మధ్యలో పెట్టింది. పడకుండా పక్కన తన చేతిసంచి ఒత్తింది.

"వెనక అది కూసుంటది. దానికి అలవాటే," అంది.

"ఇంక కొననే లేదు గదనే. బేరం వద్దన్నది నువ్వే."

"బేరం రేపు ఆడు. మొక్క ఇయ్యాళనే కూసుంటది."

"మరి గుండయ్య?"

"వచ్చే ఏడు చూద్దాం."

"వాన పడితే?"

రాహేలు కాస్త ఆలోచించింది. "కార్ల కూసుందాం," అంది.

ఆమె సీటు సరిచేసుకుని ఎక్కి కూర్చున్నాక అతను ఆ వైపు తలుపు మూయబోయాడు, ఎప్పటిలా అరచేత్తో, చప్పుడు కాకుండా. ఆమె అతని చెయ్యి తోసేసి, పిడి పట్టుకుని తానే లాక్కుంది. వంతెన అవతల రిక్షావాడు కూడా తిరిగి చూసేంత చప్పుడుతో తలుపు పడింది. ఇశ్రాయేలు ప్రాణం గిలగిల్లాడినా నోరెత్తలేదు. అటు వైపు వచ్చి కూర్చుని స్టీరింగు పూర్తిగా తిప్పాడు. అంత ఇరుకు రోడ్డులోనూ హెరాల్డ్ ఒక్క తిప్పుకే వెనక్కి మళ్లింది. ఫియట్ అయితే రెండుసార్లు వెనక్కీ ముందుకీ తీయాల్సి వచ్చేది.

ఉప్పుగూడలో జామీను కూర్చున్న కొండల్ ఇంకో చాయ తాగే ఉంటాడు. గతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి మొక్క ఊగి, ఒక ఆకు ఇశ్రాయేలు మెడకు తగులుతోంది. "ఎడమకు తిప్పు," అంది రాహేలు. అటు దారి లేదని అతనికి తెలుసు. అయినా తిప్పాడు.